అచ్చులో పుట్టిన సమానత్వం: జె/24 పందెపు పడవ నిర్మాణం

సభకు నమస్కారం.

తెరచాప పడవల పందెంలో గెలుపు పడవది కాక నావికుడిది కావాలంటే బరిలో దిగిన పడవలన్నీ ఒకేలా ఉండాలి. ఫైబర్‌గ్లాస్ చేసిన గొప్ప మేలు ఆ సమానత్వమేనని నా దృఢమైన అభిప్రాయం. జె/24 అందుకు చక్కని సాక్ష్యం. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో రాడ్ జాన్‌స్టన్ తన ఇంటి గ్యారేజీలో కట్టుకున్న పడవే దీనికి మూలం. 1977లో మొదలైన ఉత్పత్తిలో ఇప్పటికి ఐదు వేలకు పైగా పడవలు తయారయ్యాయి.

పలకలు అతికి కట్టే చెక్క పడవల్లో ఒకే వడ్రంగి చేతి పని కూడా రెండోసారి అచ్చంగా అలాగే రాదు. ఫైబర్‌గ్లాస్ పడవకు అచ్చే, అంటే పడవ ఆకారంలో ఉండే మూసే, ఆధారం. అందులో ముందుగా జెల్‌కోట్ అనే నున్నని పైపూత పూసి, దానిపై రెజిన్ అనే గట్టిపడే జిగురు ద్రవంతో తడిపిన గాజునార పొరలు పరుస్తారు. జె/24లో ఆ పొరల నడుమ తేలికైన బాల్సా కర్రను, దాని నార పలకకు నిలువుగా ఉండేటట్లు కోసి అమరుస్తారు. పలక మందం రెట్టింపైతే వంపును ఎదిరించే బిగువు ఎనిమిది రెట్లవుతుంది కనుక, బరువు పెంచకుండా ఆ మందాన్ని బాల్సా సమకూరుస్తుంది. లాగుడునూ నొక్కుడునూ గాజు పొరలు భరిస్తాయి. అయితే బోల్టు కోసం వేసిన రంధ్రాన్ని ఎపాక్సీ అనే గట్టి జిగురుతో సరిగా మూయకపోతే నీరు లోపలికి దిగి బాల్సా కుళ్ళుతుంది, బిగువు పోతుంది. పాత పడవను పరీక్షించేవారు అన్నిటికన్నా ముందు చూడవలసింది ఇదే.

పడవ పొడవు సుమారు 7.3 మీటర్లు, వెడల్పు 2.7 మీటర్లు. దాదాపు 1,400 కిలోల బరువులో 430 కిలోలు కీల్‌లోని, అంటే పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే రెక్కలోని, సీసానిదే. అది మొత్తంలో మూడో వంతుకు కూడా చేరదు కనుక, గాలి బలంగా వీచినప్పుడు పడవను నిటారుగా నిలిపే పనిలో గాలివైపు అంచున కూర్చున్న నావికులకూ పెద్ద పాత్ర ఉంటుంది. అందుకే వారి మొత్తం బరువు 400 కిలోలకు మించకూడదని నిబంధన పెట్టారు; ఇది చాలా న్యాయమైన నియమం.

నీటిని తాకే పొడవు సుమారు 6.1 మీటర్లే కావడంతో మామూలుగా వేగం ఆరు నాట్ల (గంటకు సుమారు 11 కిలోమీటర్ల) దగ్గర ఆగుతుంది. బలమైన గాలి వెనుక నుంచి వీస్తుండగా స్పిన్నకర్ అనే ఉబ్బెత్తు పెద్ద తెరచాపను ఎత్తితే మాత్రం పడవ ఆ హద్దు దాటి, నీటిపై జారుతూ దూసుకుపోతుంది.

అచ్చు రూపాన్ని కాపాడగలదు గాని, వాడిన రెజిన్ ఎంతన్నది పడవకూ పడవకూ కొంత మారుతుంది. ఆ తేడాను సరిచేయడానికి ప్రతి పడవనూ తూకం వేస్తారు. కనీస బరువుకు తగ్గిన పడవ, లోటును పూరించే బరువులను మోస్తూనే పందెంలో దిగాలి.