ఒకే చిప్, మూడు డబ్బాలు: సన్నటి ల్యాప్‌టాప్‌లో మనం దేనికి డబ్బు కడుతున్నాం?

[స్క్రీన్ మీద: మ్యాక్ మినీ, మ్యాక్‌బుక్ ఎయిర్, 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో పక్కపక్కన. కింద ధరలు]

నమస్తే. 2020 నవంబర్‌లో యాపిల్ ఎం1 అనే చిప్‌ని మూడు రకాల డబ్బాల్లో పెట్టి అమ్మింది. అప్పటి ధరలు మన దేశంలో ఇవీ: స్క్రీన్ లేని చిన్న డెస్క్‌టాప్ మ్యాక్ మినీ 64,900 రూపాయలు, మ్యాక్‌బుక్ ఎయిర్ 92,900, మ్యాక్‌బుక్ ప్రో 1,22,900. మూడింట్లో ఉన్నది అదే చిప్. ర్యామ్ 8 జీబీ, స్టోరేజీ 256 జీబీ, అందులోనూ తేడా లేదు. ఎయిర్ బేస్ మోడల్లో గ్రాఫిక్స్ కోర్ ఒకటి తక్కువ, దాన్ని పక్కన పెడదాం.

ఎం1 పాతబడిపోయింది, ఇప్పుడెందుకు అంటారేమో. చిప్ మారకుండా చుట్టూ ఉన్న డబ్బా మాత్రమే మారిన పోలిక అరుదుగా దొరుకుతుంది. అందుకే దీన్ని తీసుకున్నాను.

ఎయిర్‌కీ ప్రోకీ తేడా ముప్పై వేలు. ఆ డబ్బుకి ప్రోలో ఇంకాస్త వెలుగున్న స్క్రీన్, కొంచెం పెద్ద బ్యాటరీ, కీబోర్డ్ పైన టచ్ బార్ వచ్చాయి. వీటితో పాటు ఒక ఫ్యాన్ కూడా వచ్చింది. ఎయిర్‌లో ఫ్యాన్ లేదు. చిప్ మీద ఒక అల్యూమినియం పలక పెట్టి, వేడిని దానికి అప్పగించేశారు.

[స్క్రీన్ మీద: వెనక మూత తీసిన ల్యాప్‌టాప్. బ్యాటరీ, మదర్‌బోర్డ్, ఫ్యాన్ ఒక్కొక్కటీ జూమ్]

సన్నటి ల్యాప్‌టాప్ మూత తీస్తే ముందుగా కనిపించేది బ్యాటరీ. సగం చోటు దానిదే. పైన, స్క్రీన్ మడతపడే వైపు, సన్నటి పట్టీలా మదర్‌బోర్డ్ ఉంటుంది. ఫ్యాన్ ఉన్న మోడల్ అయితే దాని రెక్కలు చూడండి, ఎంత పొట్టిగా ఉంటాయో. డబ్బా మందం తగ్గించినప్పుడల్లా ఆ రెక్కల ఎత్తు తగ్గుతుంది, గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. పొట్టి రెక్కలతో అంతే గాలి తోలాలంటే ఇంకా వేగంగా తిరగాలి. సన్నటి ల్యాప్‌టాప్ ఫ్యాన్ గీ అని అరిచేది అందుకే.

మరి ఫ్యాన్ లేకపోతే ఏమవుతుంది? బ్రౌజర్, ఎక్సెల్, జూమ్ క్లాసు, రెండు నిమిషాల రీల్ ఎడిటింగ్, వీటిలో ఎయిర్‌కీ ప్రోకీ తేడా పట్టుకోలేరు. చిన్న పనికి చిప్ ఒక్కసారిగా ఊపు తెచ్చుకుని ముగించేస్తుంది, వేడెక్కే లోపు పనే అయిపోతుంది. అదే గంట సేపు పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టారనుకోండి. మొదటి కొన్ని నిమిషాలు రెండూ సమానంగా వెళ్తాయి. ఆ తర్వాత ఎయిర్‌లో పలక నిండా వేడి చేరుతుంది, చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. స్టవ్ సిమ్‌లో పెట్టినట్టు. పని ఆగదు, ఆలస్యమవుతుంది. ప్రో మాత్రం ఫ్యాన్ తిప్పుకుంటూ అదే వేగంతో సాగుతుంది.

ఇంట్లో కూర్చుని రోజంతా వీడియోలు చేసేవాళ్లకి అసలు బేరం మ్యాక్ మినీలో ఉండింది. మోసే పని లేకపోతే అదే చిప్‌కి ఎయిర్ కన్నా ఇరవై ఎనిమిది వేలు తక్కువ. స్క్రీన్, కీబోర్డ్ మీవి మీరు తెచ్చుకోవాలి, అంతే.

[స్క్రీన్ మీద: ల్యాప్‌టాప్ స్టిక్కర్ క్లోజప్]

విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఈ సంగతి ఇంకా తికమకగా ఉంటుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మీ ఊరి షోరూమ్‌లోనో స్టిక్కర్ మీద ప్రాసెసర్ పేరు చూసి స్పీడు తేల్చేస్తాం. కానీ స్టిక్కర్ వాట్ల గురించి, అంటే చిప్‌కి ఎంత పవర్ అందుతుందో, చెప్పదు. ఇంటెల్ కోర్ అల్ట్రా 7 155హెచ్ సంగతే చూద్దాం. దాని బేస్ పవర్ 28 వాట్లు, గరిష్ఠం 115. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబెట్టాలన్నది ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్ల ఇష్టం. మందమైన మెషిన్‌లో ఎక్కువ వాట్లు ఎక్కువ సేపు ఇవ్వొచ్చు. సన్నటి దాంట్లో కాసేపు ఎగిరి కిందికి దిగాల్సిందే. పేరు ఒకటే, పనితీరు వేరు.

గ్రాఫిక్స్ కార్డ్ అయితే మరీనూ. ల్యాప్‌టాప్‌లకి వచ్చే ఆర్‌టీఎక్స్ 4060ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా అమర్చుకోవచ్చు. సన్నటి డబ్బాలో 4060 ఉందని ఎక్కువ డబ్బు పెట్టేముందు ఆ వాట్లు ఎన్నో కంపెనీ స్పెసిఫికేషన్లలో వెతకండి. రివ్యూలు చూసేటప్పుడు కూడా ఒక్కసారి నడిపిన బెంచ్‌మార్క్ స్కోరు చూసి మురిసిపోకండి. సినీబెంచ్ లాంటి టెస్టుని పది నిమిషాలు ఆపకుండా నడిపితే చివర్లో వచ్చేదే మీకు రోజూ దొరికే స్పీడు.

ఇప్పుడు మందం సంగతి. నాకు నవ్వొచ్చే విషయం ఒకటి ఉంది.

[స్క్రీన్ మీద: ఎయిర్, ప్రో పక్కనుంచి. కొలతలు]

ఎం1 ఎయిర్ ముందు అంచు దగ్గర 4.1 మిల్లీమీటర్లే. చూస్తే కత్తిలా ఉంటుంది. వెనక, స్క్రీన్ మడతపడే చోట కొలిస్తే 16.1. ప్రో అంతటా ఒకే మందం, 15.6. అంటే సన్నదనానికి పేరుపడ్డ ఎయిర్, మందంగా ఉన్న చోట ప్రో కన్నా మందం! బరువులో తేడా 110 గ్రాములే, ఎయిర్ 1.29 కిలోలు, ప్రో 1.4.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. భుజానికి తెలిసేది గ్రాములు. మిల్లీమీటర్లు కంటికి మాత్రమే తెలుస్తాయి. రెండు మిల్లీమీటర్లు తగ్గినంత మాత్రాన మీ బ్యాగు తేలికపడదు, కానీ లోపల గాలి దారి మూసుకుపోతుంది. తేలికగా ఉండాలంటే పల్చగానే ఉండాలని లేదు. ఎల్‌జీ గ్రామ్ 17 చూడండి: 17 అంగుళాల స్క్రీన్, మందం 17 మిల్లీమీటర్ల పైనే, బరువు 1.35 కిలోలు. మెగ్నీషియం మిశ్రమంతో చేసిన బాడీ కాబట్టి అది సాధ్యమైంది. నొక్కితే కాస్త వంగినట్టు అనిపిస్తుంది, అది వేరే సంగతి.

ఆ తేలికదనానికి రేటు కట్టడం ఎలా? 2008 జనవరి 15న స్టీవ్ జాబ్స్ మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని ఆఫీసు కవర్లోంచి తీసి చూపించాడు. ధర 1,799 డాలర్లు, బరువు 1.36 కిలోలు. అప్పటి మామూలు మ్యాక్‌బుక్ 1,099 డాలర్లు, 2.27 కిలోలు. అంటే 910 గ్రాములు తగ్గించుకోవడానికి 700 డాలర్లు, వంద గ్రాములకి సుమారు 77 డాలర్లు. పైగా దాంట్లో ప్రాసెసర్ నెమ్మది, డీవీడీ డ్రైవ్ లేదు, యూఎస్‌బీ పోర్ట్ ఒక్కటే.

ఈ లెక్కే మీరూ వేయండి. ఒకే ప్రాసెసర్, ఒకే ర్యామ్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు తీసుకుని, ధరల తేడాని బరువుల తేడాతో భాగించండి. వంద గ్రాములకి వెయ్యి రూపాయలంటే రోజూ బస్సులో, మెట్రోలో తిరిగేవాళ్లు ఆలోచించవచ్చు. అయిదు వేలు పడుతుంటే నేనైతే ఆ మోజు వదిలేస్తాను. బరువు చూసేటప్పుడు చార్జర్‌ని కూడా కలపండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌ల చార్జర్ ఒక్కటే అర కిలో దాటుతుంది. 65 వాట్ల టైప్-సి చార్జర్ అయితే జేబులో పడుతుంది.

సన్నదనం కోసం మరీ దూరం వెళ్తే ఏమవుతుందో యాపిలే చూపించింది. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్ తెచ్చారు: 13.1 మిల్లీమీటర్లు, 920 గ్రాములు, ఫ్యాన్ లేదు. చార్జింగ్‌కైనా పెన్‌డ్రైవ్‌కైనా ఉన్నది ఒకే ఒక్క టైప్-సి పోర్ట్. కీబోర్డ్‌ని కూడా బటర్‌ఫ్లై పద్ధతిలో పల్చగా చేశారు. ఆ కీబోర్డ్ బటన్లు ఇరుక్కుపోతున్నాయని గోల మొదలై, చివరికి 2018లో ఉచిత రిపేర్ పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2019లో ఆ మోడలే ఆపేశారు. 2021లో వచ్చిన 16 అంగుళాల ప్రో పాతదాని కన్నా మందం, బరువు కూడా ఎక్కువ. హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డ్ స్లాట్ మళ్లీ పెట్టారు. కొనేవాళ్లు సంతోషించారే తప్ప ఎవరూ మందమైందని ఏడవలేదు.

ఇంకో ఖర్చు ధరలో కనిపించదు. పల్చటి వాటిలో ర్యామ్‌ని బోర్డ్‌కే సోల్డర్ చేసేస్తారు, స్లాట్‌కి ఎత్తు సరిపోదు కాబట్టి. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ చిప్‌లలో అయితే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది, 16 జీబీ లేదా 32. తర్వాత పెంచుకుందాం అనే మాటే లేదు. బీటెక్ నాలుగేళ్లూ నడవాలంటే 8 జీబీతో సన్నటిది కొనొద్దు, ఎంత ఆఫర్ ఉన్నా సరే.

మన ఎండల్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ల్యాప్‌టాప్ వాడే చోట 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని యాపిల్ చెబుతుంది. మే నెలలో విజయవాడలో, ఖమ్మంలో ఏసీ లేని గదిలో ఎంతుంటుందో మీకు తెలుసు. బయటి గాలే వేడిగా ఉంటే చిప్ ఇంకా ముందే నెమ్మదిస్తుంది. దాన్ని తీసుకెళ్లి పరుపు మీద పెడితే కింద ఉన్న రంధ్రాలు కూడా మూసుకుపోతాయి.

ఇక ఎవరికి ఏది? సివిల్, మెకానికల్ వాళ్లు ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ నడపాలి కాబట్టి 1.8, 2 కిలోలున్నా పర్లేదు, మంచి ఫ్యాన్లున్నది తీసుకోండి. హాస్టల్ నుంచి ల్యాబ్‌కి ఆ మాత్రం మోయొచ్చు. కోడింగ్ వరకే అయితే 16 జీబీ ఉన్న తేలికపాటిది చాలు. ఊళ్లు తిరిగే ఆడిటర్లకి, సేల్స్ వాళ్లకి మాత్రం తేలికదనానికి పెట్టిన ఏ రూపాయీ దండగ కాదు.

కామెంట్లో అడిగేటప్పుడు బడ్జెట్ ఒక్కటే రాస్తే నేనేం చెప్పలేను. రోజూ ఎంతసేపు మోస్తారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు, మీ గదిలో ఏసీ ఉందా లేదా, అవి కూడా రాయండి.