ముందు వరుసలో ఐదుగురు: ఒహాయో స్టేట్ ఫుట్‌బాల్ జట్టు 2024 సీజన్

అందరికీ నమస్కారం.

శనివారం మ్యాచ్ ఉందంటే ఆ పూట స్టేడియం చుట్టుపక్కలకి కారు తీసుకెళ్ళకూడదని కొలంబస్‌కి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలకి మొదటి నెలలోనే తెలిసిపోతుంది. 1922లో మొదలైన ఒహాయో స్టేడియంలో 1,02,780 మంది కూర్చోవచ్చు. అక్కడికి వెళ్ళి అరిచే తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. అయితే కొత్తగా చూసేవాళ్ళు బంతి ఎటు పోతే అటే చూస్తారు. అలా చూస్తే ఎవరు గెలిచారో తెలుస్తుంది గాని, ఎందుకు గెలిచారో తెలియదు. అందుకే ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కాలేజీల్లో జాతీయ ఛాంపియన్ అయిన 2024 సీజన్‌ని, బంతి పట్టుకుని ఎప్పుడూ పరిగెత్తని ఐదుగురి వైపు నుంచి చెబుతాను. ఆ సీజన్‌లో ఓటమికైనా గెలుపుకైనా అసలు కారణం ఆ ఐదుగురి దగ్గరే దొరుకుతుంది.

ఆట గురించి ముందు రెండు ముక్కలు. మైదానం వంద గజాలు, రెండు కొసల్లో పదేసి గజాల ఎండ్ జోన్‌లు. జట్టుకి పదకొండు మంది. ఓవర్‌కి ఆరు బంతులున్నట్టు ఇక్కడ బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు డౌన్‌లు, అంటే నాలుగు ప్రయత్నాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు వస్తాయి, లేకపోతే బంతి అవతలివాళ్ళకి పోతుంది. బంతి పట్టుకుని పరిగెత్తచ్చు, లేదా క్వార్టర్‌బ్యాక్ దాన్ని రిసీవర్‌కి విసరచ్చు. ఎండ్ జోన్‌కి చేరిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, దాని మీద ఒక కిక్కుకి ఇంకొకటి. స్తంభాల మధ్యగా తన్నే ఫీల్డ్ గోల్‌కి మూడు. ఇంత తెలిస్తే ఈ పూటకి చాలు.

ఇక ఆ ఐదుగురు, అంటే బంతి తమ జట్టు చేతిలో ఉన్నప్పుడు ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్ళని అడ్డుకునేవాళ్ళు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, చివర్లలో టాకిల్‌లు. ఒక్కొక్కరూ 135 నుంచి 145 కిలోల మనుషులు. సెంటర్ పని బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించడం ఒక్కటే కాదు. ఎదుటి జట్టు ఎటు నుంచి దూకబోతోందో చూసి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలో మిగతా నలుగురికి అరిచి చెప్పేది ఎక్కువగా అతనే. గార్డ్ ఇరుకులో పనిచేస్తాడు. తన ఎదుటివాడు అడుగు దూరంలోనే ఉంటాడు, బలంతో నెట్టాలి. టాకిల్ పని దానికి పూర్తిగా వేరు. ఎదుటివాడు బయట నుంచి పరుగున చుట్టు తిరిగి వస్తాడు, కాబట్టి టాకిల్ వెనక్కి జారుతూ, నడుం వంచకుండా, చేతులు సమయానికి వేస్తూ అతన్ని బయటికి తోలాలి. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగినప్పుడు అతని వీపు ఎడమ వైపుకుంటుంది, అటు నుంచి వచ్చేవాడు కనపడడు. అందుకే ఎడమ టాకిల్ చోటుకి అంత విలువ.

ఈ ఐదుగురూ కలిసి కదలాలి. పరుగు ఆటలో గార్డ్, సెంటర్ ఇద్దరూ ముందు ఒకడినే గట్టిగా నెట్టి, అర సెకను తర్వాత ఒకరు వదిలేసి వెనకున్న లైన్‌బ్యాకర్ (ఎదుటి జట్టు రెండో వరుసలో కాచుకునేవాడు) మీదికి వెళ్ళాలి. తొందరపడితే నెట్టినవాడు లోపలికి జొరబడతాడు. ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ వచ్చి పరుగుని ఆపేస్తాడు. ఈ సమయం మాటల్లో చెబితే రాదు, పక్కవాడి భుజం తగిలి తగిలి అలవాటవ్వాలి. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే కాలేజీ ఆటలో సాధనకి లెక్క ఉంది. వసంతంలో 15 ప్రాక్టీసులు, ఆగస్టు శిబిరంలో 25, అందులోనూ పూర్తి ప్యాడ్‌లతో చేయగలిగేవి కొన్నే. సీజన్ మొదలయ్యాక వారానికి 20 గంటలు, ఒక రోజు తప్పనిసరి సెలవు. చాలా కాలేజీల్లో శనివారం ఆట, ఆదివారం వీడియో, మంగళ బుధవారాల్లో గట్టి సాధన, గురువారం నుంచి తేలిక. అంటే ఎవరికైనా దెబ్బ తగిలితే, కొత్తవాడు పక్కవాళ్ళతో కలవడానికి వారానికి దొరికేది రెండే రెండు గట్టి రోజులు.

ఆ ఏడాది జట్టుని కట్టిన తీరు చూద్దాం. 2023 నవంబరులో మిషిగన్ చేతిలో వరుసగా మూడోసారి ఓడాక హెడ్ కోచ్ రయాన్ డే మీద ఒత్తిడి చాలా పెరిగింది. ప్రొఫెషనల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్‌.కి వెళ్ళగలిగిన పాతవాళ్ళు ఎమెకా ఎగ్‌బూకా, ట్రవేయన్ హెండర్సన్, జాక్ సాయర్, డానవన్ జాక్సన్ వంటివాళ్ళు ఇంకో ఏడాది ఉండిపోయారు. ఆటగాళ్ళు కాలేజీ మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా కాన్సాస్ స్టేట్ నుంచి క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్, మిసిసిపీ నుంచి బంతితో పరిగెత్తే క్విన్‌షాన్ జడ్కిన్స్, అలబామా నుంచి డిఫెన్స్ ఆటగాడు కేలెబ్ డౌన్స్, సెంటర్ సేథ్ మెక్‌లాఫ్లిన్ వచ్చారు. మొదటి ఏడాది కుర్రాడు జెరమయా స్మిత్ రిసీవర్‌గా చేరాడు. యు.సి.ఎల్.ఎ.లో హెడ్ కోచ్ పదవి వదులుకుని చిప్ కెల్లీ దాడి విభాగం బాధ్యత తీసుకున్నాడు. ఆటగాళ్ళకి అందిన డబ్బు దాదాపు రెండు కోట్ల డాలర్లని యూనివర్సిటీ క్రీడా డైరెక్టరే చెప్పారు. అంత ఖర్చు పెట్టినా, స్కాలర్‌షిప్‌లు అప్పట్లో 85కి మించకూడదు. రిసీవర్లు, డిఫెన్స్ వైపు నిండుగా ఉంది. ముందు వరుసలో మాత్రం మొదటి ఐదుగురి వెనక పెద్ద బలం లేదు. నా ఉద్దేశంలో ఆ సీజన్‌కి ఉన్న ఒకే ఒక్క బలహీనత అది.

మొదటి ఐదు మ్యాచ్‌ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏక్రన్ మీద 52-6, వెస్టర్న్ మిషిగన్ మీద 56-0, ఆ తర్వాత మార్షల్, మిషిగన్ స్టేట్, అయోవా. ఏదీ దగ్గరి మ్యాచ్ కాదు.

అక్టోబరు 12న ఆరెగన్‌లో 32-31తో ఓడారు. ఆ మ్యాచ్ చివరి పది సెకన్లు నియమాలు తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆరెగన్ మైదానంలో పన్నెండో మనిషిని ఉంచింది. పాస్ దొరకలేదు. శిక్షగా ఐదు గజాలిచ్చారు గాని, ఆ ఆటలో పోయిన నాలుగు సెకన్లు తిరిగి రాలేదు. ఫీల్డ్ గోల్ తన్నడానికి ఒహాయో స్టేట్‌కి కావలసింది గజాల కంటే సమయం, మిగిలింది ఆరు సెకన్లు. తర్వాతి ఆటలో హోవర్డ్ పరిగెత్తి కింద జారేసరికి గడియారం అయిపోయింది. అర్ధభాగం చివర్లో ఇలా ఎక్కువ మందిని దింపితే, నష్టపోయిన జట్టు కోరితే పోయిన సమయం తిరిగి ఇచ్చేలా కొద్ది రోజుల్లోనే కాలేజీ క్రీడల సంస్థ ఎన్.సి.ఎ.ఎ. వివరణ ఇచ్చింది.

అందరూ ఆ నాలుగు సెకన్ల గురించే మాట్లాడుకున్నారు. ఆ రోజు జరిగిన పెద్ద నష్టం వేరే ఉంది. ఎడమ టాకిల్ జాష్ సిమన్స్ మోకాలికి దెబ్బ తగిలింది, అతని సీజన్ అక్కడితో ముగిసింది. వారం విరామం తర్వాత అతని చోట దిగిన జెన్ మిహాల్స్కీ కూడా నెబ్రాస్కా మ్యాచ్‌లో దెబ్బ తిన్నాడు. ఆ మ్యాచ్ 21-17తో గట్టెక్కారు గాని, పరుగు ఆట దాదాపు ఆగిపోయింది. ఇంకో వారంలో పెన్ స్టేట్‌కి వెళ్ళాలి, అవతల దేశంలోనే పేరున్న పాస్ రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడు) అబ్దుల్ కార్టర్. అప్పుడు కోచ్‌లు ఎడమ గార్డ్ డానవన్ జాక్సన్‌ని టాకిల్ చోటికి జరిపారు.

ఇది బయటికి ఒక్క అడుగు జరగడంలా కనిపిస్తుంది. నిజానికి ఇరుకులో నెట్టే మనిషి బయలులో వెనక్కి జారడం నేర్చుకోవాలి, అదీ ఏడు రోజుల్లో. పైగా ఒక్కడిని జరిపితే రెండు చోట్లు మారతాయి, గార్డ్ చోటికి ఇంకొకడు రావాలి. టాకిల్ మీద నమ్మకం తక్కువైనప్పుడు కోచ్‌లు టైట్ ఎండ్‌నో (వరుస చివర నిలబడి, పాస్ కూడా అందుకునేవాడు) రన్నింగ్ బ్యాక్‌నో (బంతితో పరిగెత్తేవాడు) అతని పక్కన సాయానికి ఉంచుతారు. ఆ సాయానికి ఉన్నవాడు ఇక పాస్ అందుకోవడానికి పోలేడు, కాబట్టి క్వార్టర్‌బ్యాక్‌కి ఒక దారి తగ్గుతుంది. జాక్సన్ ఆ రోజు కార్టర్ ముందు కష్టపడ్డాడు, అయినా మ్యాచ్ 20-13తో గెలిచారు. నాలుగో క్వార్టర్‌లో గోల్ లైన్ (ఎండ్ జోన్ మొదలయ్యే గీత) దగ్గర పెన్ స్టేట్‌ని డిఫెన్స్ నాలుగు డౌన్‌లూ నిలువరించింది. ఆ తర్వాత ఐదు నిమిషాలకు పైగా మిగిలి ఉండగా, సొంత గోల్ లైన్ దగ్గర నుంచి మొదలుపెట్టి, వరుస పరుగులతో గడియారాన్ని సున్నాకి తెచ్చారు. కొత్తగా కలిసిన ఐదుగురు ఆ పని చేయగలగడం ఆ సీజన్‌లో అందరూ మళ్ళీ మళ్ళీ చూడాల్సిన భాగం.

పర్‌డ్యూ మీద 45-0, నార్త్‌వెస్టర్న్ మీద 31-7. తర్వాత ఇండియానా మ్యాచ్‌కి ముందు, ప్రాక్టీసులో సెంటర్ మెక్‌లాఫ్లిన్ మడమ నరం తెగింది. ఆ ఏడాది దేశంలో మేటి సెంటర్‌కిచ్చే రిమింగ్టన్ ట్రోఫీ అందుకున్నది అతనే. కార్సన్ హింజ్‌మన్ గార్డ్ చోటు నుంచి సెంటర్‌కి జరిగాడు. ఇండియానాని 38-15తో ఓడించారు గాని, అసలు పరీక్ష వారం తర్వాత వచ్చింది.

నవంబరు 30, సొంత మైదానం, ఎదుట మిషిగన్. ర్యాంకు లేని జట్టు, ఒహాయో స్టేట్ ఇరవై పాయింట్ల దాకా తేడాతో గెలుస్తుందని అంచనా. ఫలితం మిషిగన్ 13, ఒహాయో స్టేట్ 10. విరామానికి 10-10, రెండో సగంలో ఒహాయో స్టేట్‌కి సున్నా. మిషిగన్ డిఫెన్స్ మధ్యలో మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్ అని ఇద్దరు దిట్టలున్నారు. సెంటర్, గార్డ్, టాకిల్ ముగ్గురూ మారిన వరుసతో సరిగ్గా ఆ ఇద్దరి మీదికే ఒహాయో స్టేట్ పదే పదే పరుగు పంపింది. 26 పరుగులకి వచ్చింది 77 గజాలు. మొదటి రెండు డౌన్‌లలో కలిపి రెండు మూడు గజాలే వస్తే, మూడో డౌన్‌కి ఏడెనిమిది మిగులుతాయి, పాస్ తప్పదని అవతలివాళ్ళకి తెలిసిపోతుంది, వాళ్ళు దానికే కాచుకుంటారు. హోవర్డ్ రెండు ఇంటర్‌సెప్షన్‌లు ఇచ్చాడు, అంటే ఆ పాస్‌లు అవతలివాళ్ళ చేతికి పోయాయి, కిక్కర్ రెండు ఫీల్డ్ గోల్‌లు తప్పాడు. కిక్కర్‌ని తిట్టినవాళ్ళే ఎక్కువ. కానీ స్మిత్, ఎగ్‌బూకా వంటి రిసీవర్లని పెట్టుకుని, బలహీనమైన చోట బలవంతులతో తలపడటమే ఆ రోజు జరిగిన పెద్ద పొరపాటు.

ఓటమి వల్ల తమ లీగ్ బిగ్ టెన్ ఫైనల్ పోయింది. జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌లో, పాత పద్ధతిలో నాలుగు జట్లకే అవకాశం ఉన్నప్పుడైతే రెండు ఓటములతో టైటిల్ ఆశ దాదాపు అక్కడే ముగిసేది. 2024లో మొదటిసారి ప్లేఆఫ్‌కి పన్నెండు జట్లని తీసుకున్నారు, ఒహాయో స్టేట్ ఎనిమిదో స్థానంతో లోపలికి వచ్చింది. ఇక్కడ ఒక మేలు కూడా జరిగింది. ఫైనల్ లేదు కాబట్టి నవంబరు 30 నుంచి డిసెంబరు 21 దాకా మూడు వారాలు దొరికాయి. కొత్త వరుసకి, ఆ ఐదుగురే పక్కపక్కన నిలబడి సాధన చేయడానికి సీజన్‌లో ఇంత సమయం ముందెప్పుడూ దొరకలేదు.

తేడా ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లో, టెనెసీ మ్యాచ్ మొదటి నిమిషాల్లోనే కనిపించింది. ముందు పరుగు, తర్వాత పాస్ అనే వరస తిరగేశారు. మొదటి డ్రైవ్‌లోనే (బంతి అందిన మొదటిసారే) స్మిత్‌కి పొడవైన టచ్‌డౌన్ పాస్, మొదటి క్వార్టర్ ముగిసేసరికి 21-0, చివరికి 42-17. పాస్ భయంతో డిఫెన్స్ వెనక్కి జరిగితే ముందు వరుస ఎదుట మనుషులు తగ్గుతారు, అప్పుడు మామూలు అడ్డంకికే నాలుగైదు గజాలొస్తాయి. జనవరి 1న రోజ్ బౌల్ అనే క్వార్టర్ ఫైనల్‌లో, అప్పటిదాకా ఓటమి ఎరగని ఆరెగన్ మీద రెండో క్వార్టర్‌లోనే 34-0. ముగింపు 41-21, స్మిత్ ఒక్కడే 187 గజాలు. ఆ రోజు డిఫెన్స్ ఆరెగన్ క్వార్టర్‌బ్యాక్‌ని ఎనిమిదిసార్లు పడగొట్టింది.

సెమీఫైనల్‌లో టెక్సస్ మ్యాచ్ బిగుసుకుంది. 21-14 దగ్గర టెక్సస్ గోల్‌కి ఒక్క గజం దూరంలో నిలిచింది. నెట్టుకుంటూ వెళ్ళాల్సిన చోట పక్కకి విసిరి పరిగెత్తబోయి ఏడు గజాలు పోగొట్టుకుంది. నాలుగో డౌన్‌లో జాక్ సాయర్ క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి ఊడగొట్టి, తనే అందుకుని 83 గజాలు పరిగెత్తాడు. 28-14.

జనవరి 20న అట్లాంటాలో ఫైనల్. నోటర్ డేమ్ మొదటి డ్రైవ్‌కే 18 ఆటలు, దాదాపు పది నిమిషాలు తీసుకుని టచ్‌డౌన్ చేసింది. ఒహాయో స్టేట్ ఆపైన బంతి అందిన మొదటి నాలుగుసార్లూ టచ్‌డౌన్ చేసింది. హోవర్డ్ మొదటి 13 పాస్‌లూ గురి తప్పలేదు. జడ్కిన్స్ 11 పరుగుల్లో వంద గజాలు సాధించాడు. యాభై రోజుల కింద 26 పరుగులకి 77 గజాలు తెచ్చిన జట్టే ఇది. 31-7 నుంచి నోటర్ డేమ్ 31-23 దాకా వచ్చింది. అప్పుడు మూడో డౌన్, పదకొండు గజాలు కావాలి. ముందు వరుస నిలబడింది, హోవర్డ్‌కి స్మిత్ దాకా విసరడానికి సమయం దొరికింది, 56 గజాలు. చివర్లో ఫీల్డ్ గోల్ తన్నింది మిషిగన్ మీద రెండు తప్పిన ఆ కిక్కరే. 34-23. పదహారు మ్యాచ్‌లు, 14 గెలుపులు, 2 ఓటములు.

ఏప్రిల్‌లో, ఎన్.ఎఫ్.ఎల్. జట్లు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఈ జట్టు నుంచి 14 మందిని తీసుకున్నారు. మొదటి రౌండ్‌కి వెళ్ళిన నలుగురిలో ఇద్దరు ముందు వరుసవాళ్ళే. టాకిల్‌కి జరిగిన జాక్సన్ 24వ స్థానంలో, మోకాలు దెబ్బతిన్న సిమన్స్ 32వ స్థానంలో. చిప్ కెల్లీ ఎన్.ఎఫ్.ఎల్‌.కి, డిఫెన్స్ కోచ్ జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కి వెళ్ళిపోయారు. ఆ వరుసలో కొత్త ఎడమ టాకిల్‌ని వెతికే పని వసంతం నుంచే మళ్ళీ మొదలైంది.

నియమాల గురించి, ఆటల వీడియోల గురించి ఎవరికైనా సందేహాలుంటే ఇప్పుడు అడగండి.