ముందు బల్ల మీద పడుకోబెట్టి చూడండి

కావలి పెన్షనర్ల సంఘం పెద్దలకు నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చెప్పినవాటిలో సగం నేనూ ఇప్పుడే విన్నాను. సరే. "పెద్ద వయసులో చెవి సంరక్షణ" మీద మాట్లాడమన్నారు. పిన్నీసు పెట్టొద్దు, కాగిన నూనె పొయ్యొద్దు. సంరక్షణ అయిపోయింది. మిగతా టైమంతా తల తిరుగుడుకే, అదీ చాలాసార్లు చెవి లోపలి గొడవే.

మొన్న కందుకూరు వైపు నుంచి ఒక పొగాకు రైతు వచ్చాడు. మెడకు పట్టీ, చేతిలో సంచి నిండా స్కానింగులు. మంచంలో ఎడమ పక్కకి ఒత్తిగిల్లితే ఇల్లంతా గిర్రున తిరుగుతుందట. చూసినవాళ్లంతా మెడ ఎముకలు అరిగాయన్నారు. అరవై దాటాక ఎవరికి అరగవండీ? అరగనివాళ్లు చెయ్యెత్తండి చూద్దాం!

కూర్చోబెట్టి, తల ఎడమకి 45 డిగ్రీలు తిప్పి, చటుక్కున వెనక్కి వాల్చాను, తల బల్ల అంచు దిగేట్టు. "కళ్లు మూయొద్దు పెద్దాయనా" అన్నాను. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత కనుగుడ్లు మెలి తిరుగుతూ పైకి కొట్టుకున్నాయి. పడిపోతానని నా చొక్కా పట్టుకుంటే బొత్తాం ఊడొచ్చింది. అర నిమిషంలో తగ్గిపోయింది. లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పి, తల కదలికని పసిగట్టే అర్ధవృత్తాకార నాళంలో పడ్డాయన్నమాట. డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ పరీక్షని 1952లోనే రాసిపెట్టారు. కావలసింది ఒక బల్ల! తల వరసగా తిప్పి ఆ రేణువుల్ని వెనక్కి పంపేదీ ఆ బల్ల మీదే. మరి సంచెడు స్కానింగులు ఎందుకు, ఎవరి కోసం?

యంత్రాలు వద్దనడంలేదు. చెవిలో 30 డిగ్రీల నీళ్లు, తర్వాత 44 డిగ్రీల నీళ్లు పట్టించి కంటి కదలిక కొలుస్తారు. ఒంటి వేడి 37 కదా, అటు ఏడు, ఇటు ఏడు. ఏ చెవిలో నిలకడ చూసే భాగం (వినికిడి కాదు) మందగించిందో దాంతో పట్టుబడుతుంది. నీళ్ల వేడిని బట్టి కళ్లు కదులుతాయన్న కిటుకు పట్టిన బరానీ అనే చెవి డాక్టర్‌కి 1914 నోబెల్ ఇచ్చారు, పాపం ఆ కబురు అందేసరికి ఆయన రష్యావాళ్ల చెరలో యుద్ధఖైదీ. అయితే తల తిరుగుడు మాత్ర మింగి పోతే ఈ పరీక్ష తప్పు చూపిస్తుంది. ఆ ముక్క ముందే చెప్పరు, డబ్బు మాత్రం ముందే కట్టించుకుంటారు! ఆ మాత్ర ఎన్నాళ్లు ఆపాలో మీ డాక్టర్నే అడగండి. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు.

ఇంకోటి. తల తిరుగుడుతోపాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకటి రెండుగా కనబడినా నా దగ్గరికి రావద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఐదే నిమిషాలండీ. ఆ దండలు తీసేసి బల్ల ఇటు జరపండి. పక్క మారితే తిరిగేవాళ్లు ఒకరు పైకి రండి. మెడ ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం వద్దు.