తుడుపు గుడ్డకు అందని మూల

అందరికీ నమస్కారం. లోకల్ రైళ్ల రూపకల్పన గురించి మాట్లాడమన్నారు. ఒక మూలతో మొదలుపెడతాను.

ఒక డిపోలో రాత్రిపూట చూశాను. సీటు ఇనుప కాలు నేలను తాకే చోట రెండు బోల్టులు, వాటి పక్కన సన్నటి సందు. వేరుశనగ పొట్టు, దుమ్ము, ఒలికిన టీ అందులో చేరి గట్టిపడిపోయాయి. గుడ్డ దూరడం లేదు. పారిశుద్ధ్య కార్మికురాలు మోకాళ్ల మీద కూర్చుని పుల్లతో గీకుతోంది. ఇంకా ఏడు పెట్టెలు మిగిలి ఉన్నాయి, తెల్లవారేసరికి బండి కదలాలి. ఆ మురికికి ఆమెను తప్పుపట్టలేం. బోల్టును అక్కడ గీసింది మన ఇంజినీర్లే.

సీటును గోడకు బిగించి కాళ్లు తీసేస్తే ఆ మూలే ఉండదు. నేల మీద పరిచే షీటును గోడ మీదికి వంపుగా కొంత ఎక్కిస్తే చెత్త నిలవడానికి చోటుండదు.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని బార్ట్ రైళ్లు ఫ్రీమాంట్‌లో ఉండే మన తెలుగువాళ్లకు బాగా తెలుసు. 1972లో అవి మొదలైనప్పుడు, కార్లు వదిలి జనం రావాలని ఉన్ని బట్ట సీట్లు, తివాచీలు వేశారు. ఆ ఆలోచనను నేను తక్కువ చేయను. కానీ బట్ట చెమటను పీల్చుకుంటుంది, పైపైన దులిపితే లోపలిది పోదు. 2011లో ఒక సీటును పరీక్షిస్తే యాంటీబయాటిక్ మందులకు లొంగని బ్యాక్టీరియా బయటపడింది. మరుసటి ఏడాది నుంచి తడిగుడ్డతో తుడవగలిగే వినైల్ సీట్లు వేయడం మొదలుపెట్టారు. అప్పటికి 40 ఏళ్లు గడిచాయి!

మరమ్మతుల సంగతీ ఇంతే. తలుపు మోటారు లాగే కరెంటును కొలుస్తూ ఉంటే, గాడిలో చెత్త చేరి తలుపు బిగుస్తోందని అది మొరాయించకముందే తెలుస్తుంది. మంచిదే. కానీ ఆ మోటారును చేరడానికి పైకప్పు పలకలన్నీ విప్పాల్సి వస్తే సెన్సార్ ఉండి ఏం లాభం? నాకు అన్నిటికంటే ఇష్టమైన యంత్రం మెట్రో డిపోల్లో పట్టాల కింద గుంటలో ఉండే లేత్. బ్రేకుకు జారి ఒకచోట చదునుగా అరిగిన చక్రాన్ని బండి నుంచి ఊడదీయకుండానే మళ్లీ గుండ్రంగా చెక్కుతుంది.

మీ నమూనా పెట్టె సిద్ధమైన రోజున, రంగులు వేయకముందే, శుభ్రం చేసేవాళ్లను పిలిచి బకెట్, గుడ్డ ఇవ్వండి. ఎంతసేపు పట్టిందో, ఎక్కడెక్కడ మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చిందో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మళ్లీ డ్రాయింగ్ దగ్గరికి వెళ్లండి.