ఎలివేషన్‌కి అసలు రాయా, నకిలీ రాయా? బరంపురం ఉప్పుగాలికి ఏది ఆగుతుంది?

నమస్కారమండీ. బరంపురం, ఛత్రపూర్, పర్లాకిమిడి వైపు కొత్తగా ఇల్లు కడితే ముందు గోడకి రాయి అతికించడం ఇప్పుడు మామూలైపోయింది. షాపులో అన్నీ రాళ్లలాగే కనిపిస్తాయి. అందుకే మూడు రకాలు తెచ్చి టేబుల్ మీద పెట్టాను. ఇది టెక్కలి వైపు గ్రానైట్. ఇది సిమెంటుతో పోతపోసిన రాయి. ఇది పీయూ ప్యానెల్, అంటే గట్టి ఫోమ్‌కి రాయిలా రంగు వేసింది.

ముందు సిమెంటు ముక్క అంచు విరుస్తున్నాను, దగ్గరగా చూడండి. పైన గోధుమరంగు, లోపలంతా బూడిదరంగు. రంగు పైపొరలోనే ఉంది. రేపు సైకిల్ హ్యాండిల్ తగిలి అంచు ఊడితే అక్కడ బూడిద మచ్చ మిగులుతుంది. లోపలిదాకా రంగు కలిపి పోసినవి కూడా దొరుకుతాయి. ధర కాస్త ఎక్కువైనా అవే తీసుకోండి. శాంపిల్ విరిచి చూపించమని షాపులో అడగండి. కుదరదంటే ఇంకో షాపు చూసుకోండి.

అసలు రాయి అన్నారు కదా అని అన్నీ ఒకటే అనుకోవద్దు. కోణార్క్ చూసే ఉంటారు. 13వ శతాబ్దపు గుడి, ఎక్కువ భాగం ఖొండలైట్ రాయి. సముద్రపు గాలికి, వానకి ఎన్ని శిల్పాల ముఖాలు అరిగిపోయాయో! నీళ్లు పీల్చే రాయిలోకి నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. రాయి ఆరినప్పుడు ఆ ఉప్పు గట్టిపడి పై పొరను రాల్చేస్తుంది. ఇదిగో, గ్రానైట్ మీద నీళ్లు వేశాను, అలాగే నిలిచాయి. ఈ ఇసుకరాయి ముక్క మీద వేస్తే వెంటనే పీల్చేసింది. గోపాలపూర్ దగ్గర ఇల్లయితే ఇలాంటి ఇసుకరాయి వద్దనే చెప్తాను.

ఇక బరువు. 20 మిల్లీమీటర్ల మందం గ్రానైట్ చదరపు అడుగుకి సుమారు 5 కిలోలు. 300 చదరపు అడుగుల గోడంటే ఒకటిన్నర టన్ను! పాత ఇంటి ప్లాస్టరింగ్ బోలుగా మోగుతుంటే దాని మీద రాయి పెట్టడమే తప్పు. పెయింట్ మీద అసలే అతికించకండి, గీకించి గంట్లు పెట్టించండి. ఉత్త సిమెంటు కాకుండా టైల్ గమ్ వాడించండి. బస్తా మీద ఐఎస్ 15477 (టైల్ గమ్‌కి ఉన్న భారతీయ ప్రమాణం నంబరు) ఉండాలి, బయట గోడకి, రాయికి పనికొచ్చే రకమని కూడా రాసి ఉండాలి. పై అంతస్తులో పెద్ద పలకలకి గమ్ ఒక్కటే చాలదు, స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులు కావాలి. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే. అంత గాలిలో పైనుంచి పలక ఊడితే కింద మనుషులుంటారండీ.

పీయూ ప్యానెల్ తేలిక, పని కూడా త్వరగా అయిపోతుంది. హాల్లో గోడకి బాగుంటుంది, కాకపోతే ఫోమ్ కాబట్టి నిప్పు భయం ఉంటుంది, జాగ్రత్త. ఎండ కొట్టే బయట గోడకి నేను మాత్రం పెట్టించను. రంగు వెలిసిపోతుంది.

నా సలహా ఇది: వాన చిమ్మే, బళ్లు తగిలే కింది భాగానికి నడుమెత్తు వరకు గ్రానైట్. పైన గేటు వైపు ఒక్క గోడకి లోపలిదాకా రంగున్న తేలిక సిమెంటు రాయి. మిగతా గోడలకి మంచి పెయింట్ చాలు.

పని అయ్యాక మరకలు పోవడానికి యాసిడ్ పోస్తామంటారు, ఒప్పుకోకండి. కడప, తాండూరు పలకలు సున్నపురాళ్లు. వాటినీ, సిమెంటు రాయినీ యాసిడ్ తినేస్తుంది. రాయి పై అంచు మీద మాత్రం నీళ్లు బయటికి జారేలా వాలు పెట్టించి, సందు పూర్తిగా మూయించండి. అక్కడినుంచి నీళ్లు వెనక్కి దిగితే తెల్లగా ఉప్పు పొంగుతుంది, గమ్ పట్టు కూడా వదిలేస్తుంది. మేస్త్రీ నిచ్చెన దించకముందే బకెట్ నీళ్లు పోయించి చూసుకోండి.