ఇది ఎవరు చెప్పారు?

(హనుమకొండలో సంఘ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘ పెద్దలకు, సహోదర సహోదరీలకు వందనాలు.

ఈ హాల్లో బాప్తిస్టులు ఉన్నారు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వారు ఉన్నారు, పెంతెకొస్తు వారు ఉన్నారు. కాజీపేట ఫాతిమా నగర్ నుంచి కతోలిక మిత్రులు కూడా వచ్చారు. ఒకరు బాప్తిస్మం అన్నదాన్ని ఇంకొకరు జ్ఞానస్నానం అంటారు. ఒకరికి ప్రభు రాత్రి భోజనం, ఇంకొకరికి దివ్యసత్ప్రసాదం. పేర్లే ఇన్ని ఉంటే పద్ధతుల సంగతి చెప్పాలా? పసిబిడ్డ తలమీద నీళ్లు పోసేవారు కొందరు, ఎదిగి విశ్వసించినవారినే చెరువులో ముంచేవారు కొందరు. గుమ్మం బయట చెప్పులు విడుస్తాం. ప్రార్థన అనగానే ఆడవాళ్ల చెయ్యి కొంగు మీదికి వెళ్తుంది. పెళ్లిలో సిలువ గుర్తున్న తాళి కడతారు. వీటిలో దేని గురించైనా ‘ఇది ఎవరు చెప్పారు?’ అని అడగడం అవిశ్వాసం కాదని చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

బెరయ పట్టణం వారిని గుర్తు చేసుకోండి. బోధిస్తున్నది అపొస్తలుడైన పౌలు. అయినా ఆయన మాట నిజమో కాదో చూద్దామని వారు ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వారిని తప్పుపట్టలేదు, ఘనులని మెచ్చుకుంది. మన సంఘంలో పదిహేనేళ్ల పిల్లవాడు లేచి ‘అయ్యగారూ, ఇది ఏ వచనంలో ఉంది?’ అని అడిగితే ఘనుడని మెచ్చుకుంటున్నామా, కూర్చోమంటున్నామా?

అయితే పిల్లవాడికి కూడా ఒక మాట చెప్పాలి. ‘వచనం లేదు కాబట్టి వద్దు’ అన్నంత తేలికగా ఈ లెక్క తేలదు. డిసెంబరు 25 అన్న తేదీ బైబిల్లో లేదు. అది రోమాలో నాలుగో శతాబ్దపు పంచాంగంలో కనిపిస్తుంది. అంతెందుకు, కొత్త నిబంధనలో 27 పుస్తకాలు ఉంటాయని ఆ 27లో ఏ పుస్తకమూ చెప్పదు. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఆ 27 పేర్లూ క్రీస్తుశకం 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ రాసిన లేఖలో కనిపిస్తాయి. అంటే మనం తెరిచే బైబిలు విషయసూచికలోనే సంఘం చెయ్యి ఉంది. నోటిమాట ద్వారా గాని పత్రిక (లేఖ) ద్వారా గాని తాను బోధించినవాటిని గట్టిగా పట్టుకోమని థెస్సలొనీక వారికి రాసింది పౌలే. కతోలిక సంఘం ఇక్కడే నిలబడుతుంది. లేఖనాన్ని, అపొస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయాన్ని సమాన గౌరవంతో స్వీకరించాలని 1546లో కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ తీర్మానించింది. ఆ రెండూ ఒకే ఊట నుంచి వచ్చాయని 1965లో రెండో వాటికన్ మహాసభ చెప్పింది. ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేసేవారు దాన్ని సరిగా వినలేదని నా అభిప్రాయం.

పోపులూ మహాసభలూ పొరబడ్డారని, తన మనస్సాక్షి దేవుని వాక్యానికే కట్టుబడి ఉందని 1521లో జర్మనీలోని వర్మ్స్ సభలో ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ చెప్పాడు. కానీ లేఖనమే కొలత అని ఒప్పుకున్నవారు కూడా ఒక్క దారిన నడవలేదు. లేఖనం కాదననిదాన్ని ఉంచుకోవచ్చన్నాడు లూథర్. జూరిక్‌లో జ్వింగ్లీ అనే సంస్కర్త కాలంలో, లేఖనం చెప్పనిది వద్దంటూ ఆరాధన నుంచి ఆర్గాన్లను కూడా తీసేశారు. కాబట్టి కీబోర్డు, డ్రమ్ముల గురించి మన కమిటీల్లో జరిగే గొడవ వయసు ఐదు వందల ఏళ్లు.

మరి నేను ఎక్కడ నిలబడతాను? మార్కు సువార్త 7వ అధ్యాయంలో నిలబడతాను. చేతులు కడుక్కోని శిష్యుల మీద యూదుల ఆచారాలను గట్టిగా పాటించే పరిసయ్యులు ఫిర్యాదు తెచ్చినప్పుడు ప్రభువు కొర్బాను సంగతి ఎత్తాడు. తల్లిదండ్రులకు పెట్టవలసినదాన్ని ‘ఇది దేవునికి అర్పితం’ అని చెప్పి తప్పించుకునే ఆచారం అది. పెద్దల పారంపర్యాచారం దేవుని ఆజ్ఞను పక్కకు నెట్టినప్పుడు ఆయనకు కోపం వచ్చింది. ఆచారం ఎంత పాతది, వచనం ఉందా లేదా అన్న ప్రశ్నలతో పాటు, అది ఆజ్ఞకు దారి ఇస్తోందా, ఆజ్ఞ మీద ఎక్కి కూర్చుందా అని కూడా నేను చూస్తాను.

కాజీపేటలో రైలెక్కి విజయవాడ వైపు వెళ్తే డోర్నకల్ వస్తుంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారి అధ్యక్ష మండలం (బిషప్ పాలనలోని ప్రాంతం) అది. ఆయన అక్కడ ఒక పద్ధతి నేర్పారు. బాప్తిస్మం పొందినవారు తమ చెయ్యి తమ తలమీదే పెట్టుకుని, ‘నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ’ అనాలి. తలమీద చెయ్యి పెట్టుకోమని ఏ వచనమూ చెప్పదు. ఆ మాట మాత్రం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో పౌలుది. వెట్టి చేసి, ఇంకొకరి ముందు తలవంచి బతికిన పల్లె మనిషి, తడి ఆరని తన తలమీద తన చెయ్యే పెట్టుకుని, అపొస్తలుడి మాటను తన మాటగా పలకడం ఒక్కసారి కళ్లముందుకు తెచ్చుకోండి. మనిషి పెట్టిన ఆచారమే, కానీ వాక్యానికి దారి ఇచ్చిన ఆచారం. దాన్ని నేను రెండు చేతులా నిలబెట్టుకుంటాను.

ఇప్పుడు రెండో రకం, ఆజ్ఞ మీద ఎక్కి కూర్చున్న ఆచారం. నేను పుట్టిన పల్లెలో మా గుడి చిన్నది. రెండు వాడల వాళ్లం వచ్చేవాళ్లం. ప్రభు రాత్రి భోజనపు బల్లకు దగ్గరగా పరిచిన చాపలు ఒక వాడవి, తలుపు దగ్గరి చాపలు ఇంకొక వాడవి. రొట్టె ముందు చాపల దగ్గర మొదలై, చివరికి మా చాపల దగ్గరికి వచ్చేది. మా అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, దోసిలి పట్టుకుని కూర్చునేది. రొట్టె వచ్చేలోపు ఆమె చేతులు నొప్పి పెట్టడం నేను చూశాను. ఈ వరుసను ఏ పెద్దా తీర్మానించలేదు, ఏ రిజిస్టరులోనూ రాయలేదు. క్రిస్మస్ చెట్టుకు వచనం అడిగినవాళ్లు, కొవ్వొత్తికి వచనం అడిగినవాళ్లు ఆ చాపల వరుసకు మాత్రం అడగలేదు. ఎవరూ చెప్పని ఆచారానికే అందరూ ఎక్కువ లోబడ్డారు. నాకు ఇన్నేళ్లయినా తగ్గని బాధ అది.

ప్రభు రాత్రి భోజనం రోజు బల్ల దగ్గర ఎప్పుడూ చదివేది మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయమే. ‘నేను మీకు అప్పగించినదానిని ప్రభువువలన పొందితిని’ అన్న దగ్గర మొదలుపెట్టి, కొన్ని వచనాలు చదివి ఆపేవారు. ఇంకాస్త కిందికి వెళ్తే, భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని, అంటే ఎదురుచూస్తూ, ఉండమని పౌలు అందరికీ రాశాడు. కొరింథులో కలిగినవాళ్లు ముందే తిని, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయారు కాబట్టి రాశాడు. మా గుడిలో కనిపెట్టుకుని ఉన్నది తలుపు దగ్గరి చాపలవాళ్లే.

మీ సంఘాల్లో రొట్టె ఎటు నుంచి మొదలవుతుందో, సమాధుల తోటలో ఎవరికి ఏ మూల ఇస్తున్నారో వచ్చే ఆదివారం చూడండి. చూసి, ఇది ఎవరు చెప్పారని మీ పెద్దలను మర్యాదగా, బైబిలు చేతిలో పట్టుకుని అడగండి.

ఇక ప్రశ్నలకు సమయం. నేను చెప్పినదానికి కూడా వచనం అడగండి, బైబిలు తెరిచే ఉంచాను.