కప్ప దొరికింది సరే, వాగు మిగిలిందా?

నమస్కారం అండి. స్క్రీన్ మీద ఉన్న ఈ ఫొటోను ఒక్కసారి బాగా చూడండి. బంగారు రంగు ఒళ్లు, వీపు మీద అక్కడక్కడ నల్లటి మచ్చలు, సన్నటి కాళ్లు, కొనదేలిన ముక్కు. పెద్దదైనా రెండంగుళాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, అంతే. దీన్ని పనామా గోల్డెన్ ఫ్రాగ్ అంటారు. పనామా జనానికి ఇది అదృష్టానికి గుర్తు. లాటరీ టికెట్ల మీద, టీషర్టుల మీద, దుకాణాల్లో అమ్మే బొమ్మల్లో ఇదే కనిపిస్తుంది. యూరప్ వాళ్లు రాకముందు అక్కడి ప్రజలు బంగారంతో కప్ప బొమ్మలు చేసుకునేవాళ్లు. 2010 నుంచి ఏటా ఆగస్టు 14న ఆ దేశం ఈ కప్ప పేరు మీద జాతీయ దినం జరుపుకుంటోంది.

కానీ ఆ కప్ప పుట్టి పెరిగిన కొండవాగుల దగ్గరికి వెళ్తే ఒక్కటి కూడా కనపడదు. పదిహేనేళ్లకు పైగా అడవిలో దాని జాడ లేదు.

ఇది అటెలోపస్ అనే ప్రజాతిలో ఒక జాతి. వీటన్నిటినీ కలిపి హార్లెక్విన్ కప్పలు అంటారు. వందకు అటూ ఇటూ జాతులున్నాయి. కోస్టారికా నుంచి బొలీవియా దాకా, అటు ఫ్రెంచ్ గయానా దాకా, కొండవాగుల వెంట బతుకుతాయి. వానాకాలంలో మన ఇళ్ల చుట్టూ తిరిగే గరుకు చర్మపు కప్ప ఉంది చూశారా, ఇవీ ఆ కుటుంబానివే. చూస్తే మాత్రం నమ్మలేం. పసుపు, నారింజ, ఎరుపు, నలుపు మీద తెల్లటి చుక్కలు, ఒక్కో లోయలో ఒక్కో రంగు.

ఆ రంగు ఊరికే రాలేదు. ఒంటి నిండా విషం ఉంది, నా జోలికి రావద్దు అని పట్టపగలే చాటి చెప్పడానికి అది. ఈ కప్పల చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. సముద్రంలో పఫర్ చేపలో ఉండేది కూడా అదే విషం. గోల్డెన్ ఫ్రాగ్‌లో దానితో పాటు జెటెకిటాక్సిన్ అనే మరో విషం కూడా దొరికింది. ఒక వింత చెప్పనా? ఇదే ప్రజాతిలోని అటెలోపస్ వేరియస్ కప్పలను ల్యాబ్‌లో పుట్టించి పెంచితే, వాటిలో టెట్రోడోటాక్సిన్ లేదని 1997లో తేలింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇప్పుడు ఈ చిన్న క్లిప్ చూడండి. రాయి మీద కూర్చున్న మగ కప్ప ముందు కాలు ఎత్తి, గాలిలో గుండ్రంగా తిప్పి దించింది. మళ్లీ రెండో కాలు. అచ్చం ఎవరినో పలకరిస్తున్నట్టు లేదూ! ఇవి బతికేది రాళ్ల మీదుగా దూకే వాగుల పక్కన. ఆ హోరులో గొంతు ఎంత చించుకున్నా పక్కవాడికి వినపడదు. పైగా వీటికి బయటికి కనిపించే కర్ణభేరి లేదు, మధ్య చెవి కూడా లేదు. అయినా ఒకదాని అరుపు ఒకటి కొంతవరకు పసిగడతాయి. మిగతా సంభాషణంతా చేతులతోనే. ఈ వాగు నాది అని చెప్పాలన్నా, వచ్చిన ఆడదాన్ని పలకరించాలన్నా చెయ్యి ఊపడమే.

వీటి తోకకప్పలు ఇంకా విచిత్రం. మన చెరువుల్లో తోకకప్పలు నిలవ నీటిలో ఈదుతాయి కదా. ఇవి పుట్టడమే ఉరవడిలో. అందుకే పొట్ట కింద అంటుకునే పీటలాంటి భాగం ఉంటుంది. దానితో రాతికి అతుక్కుని, నీళ్లు ఎంత లాగినా కొట్టుకుపోకుండా రాతి మీది నాచును గీరుకుని తింటాయి. అంటే ఈ జీవికి రాయి శుభ్రంగా ఉండాలి, నీళ్లు పారుతుండాలి, ఒండ్రు చేరకూడదు. ఏదో ఒక నీటిగుంటలో వదిలేస్తే బతికే కప్ప కాదు ఇది. నేనీ వీడియో చేయడానికి అసలు కారణం ఇదే.

సరే, ఇన్ని కప్పలు ఎలా పోయాయి?

1980ల చివర కోస్టారికాలోని మోంటెవెర్డె అడవిలో వాగుల గట్ల మీద గుంపులుగా కనిపించే హార్లెక్విన్ కప్పలు ఉన్నట్టుండి మాయమయ్యాయి. అడవి నరకలేదు, ఎవరూ పట్టుకుపోలేదు. తర్వాత పనామా పశ్చిమ కొండల్లో కరెన్ లిప్స్ అనే శాస్త్రవేత్తకు చచ్చిన కప్పలు కనిపించాయి. 1998లో కారణం దొరికింది, 1999లో దానికి పేరు పెట్టారు. అది ఒక ఫంగస్. పూర్తి పేరు బాట్రకోకైట్రియం డెండ్రోబాటిడిస్. నోరు తిరగదు కాబట్టి మనం కైట్రిడ్ అనుకుందాం.

ఇది చంపే పద్ధతి వినండి. కప్ప మనలా నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. రక్తంలో ఉండాల్సిన ఉప్పును కూడా చర్మమే సర్దుతుంది. ఈ ఫంగస్ బీజాలకు చిన్న తోక ఉంటుంది, నీటిలో ఈదుకుంటూ వచ్చి చర్మం పైపొరలో దూరతాయి. చర్మం మందమవుతుంది, ఊడుతుంది. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోతాయి. కప్ప మందకొడిగా అయిపోతుంది, వెల్లకిలా పెడితే మళ్లీ బోర్లా తిరగలేదు. చివరికి గుండె ఆగిపోతుంది. పైకి గాయం ఉండదు, రక్తం ఉండదు. తోకకప్పలకైతే ఈ ఫంగస్‌కు కావాల్సిన కెరటిన్, అంటే పెద్ద కప్పల చర్మం పైపొరలో ఉండే గట్టి పదార్థం, నోటి దగ్గర మాత్రమే ఉంటుంది, కాబట్టి అవి రోగాన్ని మోస్తూ కూడా బతుకుతాయి. పెరిగి కప్ప అయ్యాక చస్తాయి. వాగు నిండా తోకకప్పలున్నాయి కదా అని సంతోషించడానికి కూడా లేదు.

చల్లటి కొండ ప్రాంతాలంటే దీనికి ప్రాణం. 17 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. హార్లెక్విన్ కప్పల్లో చాలా జాతులు బతికేది సరిగ్గా అలాంటి చోటే. 2005లో లా మార్కా, ఆయన తోటివాళ్లు లెక్క తీస్తే, సమాచారం సరిపడా ఉన్న 52 జాతుల్లో 42 సగానికి పైగా తగ్గిపోయాయి. కనీసం 30 జాతులు తెలిసిన చోట్లన్నిటిలో ఎనిమిదేళ్లుగా కనపడలేదు. అన్ని ఉభయచరాలూ కలిపితే 501 జాతుల మీద ఈ రోగం దెబ్బ పడిందని 2019లో వచ్చిన పరిశోధన చెప్పింది.

ఈ ఫంగస్ మూలం ఆసియాలో, కొరియా ద్వీపకల్పం వైపు ఉందని 2018లో జన్యు పరిశోధన తేల్చింది. మనుషులు కప్పలను దేశాలు దాటించి అమ్మిన వ్యాపారంతోనే ఇది ప్రపంచమంతా పాకింది. మన పశ్చిమ కనుమల్లో కూడా ఉంది. కానీ పనామాలో లాగా మన దగ్గర కప్పలు కుప్పలుగా చచ్చిన దాఖలా లేదు. దీన్ని కనిపెట్టడానికి మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియా, పనామా వాళ్లతో కలిసి ఒక కొత్త పరీక్ష తయారుచేశారు. కప్ప ఒంటి మీద దూదిపుల్లతో రుద్దితే చాలు, తక్కువ మోతాదులో ఉన్నా దొరుకుతుంది. పనామా కప్ప కష్టానికి హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ అక్కరకు రావడం నాకు చాలా గర్వంగా ఉంది, దాచుకోను.

మళ్లీ పనామాకు వద్దాం. ఫంగస్ పడమర నుంచి తూర్పుకు అలలా వస్తోందని లిప్స్ ముందే చెప్పారు. 2004లో ఎల్ కోపే అడవిని తాకింది. ఆ తర్వాతి వంతు గోల్డెన్ ఫ్రాగ్ ఉండే ఎల్ వాయే ఊరిది. అక్కడ ఎడ్గార్డో గ్రిఫిత్, హెయిడీ రాస్ అనే దంపతులు ఏం చేశారో తెలుసా? కప్పలను ఉంచే కేంద్రం కట్టడం ఇంకా పూర్తి కాలేదు. టైమ్ లేదు. ఊళ్లోని ఒక హోటల్ గదులు తీసుకుని, వాటి నిండా పెట్టెలు పేర్చి, అడవి నుంచి తెచ్చిన కప్పలను అందులో కాపాడారు. రాత్రిళ్లు వాగులు గాలించడం, పగలు పెట్టెలు కడగడం, పురుగులు పట్టి మేపడం. 2006లో ఫంగస్ ఎల్ వాయేకు రానే వచ్చింది. ఇప్పుడు గోల్డెన్ ఫ్రాగ్ బతికి ఉందంటే ఇలాంటి కేంద్రాల్లో, అమెరికా జూల్లో గాజు పెట్టెల్లో బతికి ఉంది.

ఇక్కడిదాకా విన్నవాళ్లు అయ్యో, అంతా అయిపోయింది అనుకుంటారు. చాలా కథనాలు ఇక్కడే ఆగుతాయి కూడా. నాకు అది నచ్చదు. ఎందుకంటే పోయాయనుకున్న హార్లెక్విన్ కప్పల్లో 30కి పైగా జాతులు మళ్లీ దొరికాయి.

ఈక్వెడార్‌లో జంబాతో అనే కప్ప ఉంది. నల్లటి వీపు, నిప్పులాంటి నారింజ పొట్ట. ఒకప్పుడు ఎక్కడపడితే అక్కడ కనిపించేది, 1988 తర్వాత ఒక్కటీ లేదు. అక్కడి పరిశోధన కేంద్రం, కనిపెట్టినవాళ్లకు 1000 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. 2016లో కోటొపాక్సి కొండల్లో ఒక పిల్లాడికి కనిపించింది.

కొలంబియా కథ నాకు ఇంకా ఇష్టం. సియెర్రా నెవాదా దె సాంతా మార్తా కొండల్లో అర్వాకో అనే ఆదివాసీలు ఉంటారు. వాళ్ల ప్రాంతంలో నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలుండే కప్ప ఒకటి ఉంది, దాన్ని వాళ్లు గౌనా అంటారు. దాదాపు 30 ఏళ్లుగా శాస్త్రవేత్తల కంట పడలేదు. మరి అర్వాకో జనానికి? వాళ్లకు అది ఏనాడూ తప్పిపోలేదు! అది నీటికి కాపలా అని వాళ్ల నమ్మకం. ఎప్పుడు విత్తనం వేయాలో, ఎప్పుడు పూజ చేయాలో దాన్ని చూసి తెలుసుకుంటారు. వాన కోసం మన ఊళ్లలో కప్పతల్లి ఆట ఆడిన అమ్మమ్మలకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. అటెలోపస్ ఫౌండేషన్ అనే అక్కడి సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి పెద్దలతో మాట్లాడారు. చివరికి సోగ్రోమె ఊరివాళ్లు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. మొదటిసారి కెమెరా తేకూడదు, చూసి వెళ్లాలి. పరిశోధకులు ఆ మాట మీద నిలబడ్డారు. ఆ తర్వాతే ఫొటోకు అనుమతి వచ్చింది, 2019 చివర్లో ప్రపంచం ఆ కప్పను చూసింది. నన్నడిగితే అది శాస్త్రవేత్తల విజయం కన్నా, ఆ లోయను అలాగే ఉంచిన ఊరి విజయం.

దొరికినవి ఎలా బతికాయి? ఫంగస్ మెత్తబడిందేమో అనుకున్నారు. 2018లో జేమీ వాయిల్స్ బృందం పనామాలో పరీక్షిస్తే, ఫంగస్ ఎప్పటిలాగే ప్రాణాంతకంగా ఉంది. మారింది కప్పలు. రోగం తర్వాత మిగిలిన కప్పల చర్మం నుంచి ఊరే ద్రవం ఫంగస్‌ను మునుపటి కన్నా గట్టిగా అడ్డుకుంటోంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పెట్టెల్లో ఉన్నవి రోగం చూడకముందు తెచ్చిన కప్పల సంతానం. అడవిలో మిగిలినవాటికి వచ్చిన ఆ బలం వీటికి లేకపోవచ్చు. పైగా ఇందాక చెప్పాను కదా, పెట్టెలో పెరిగితే విషం కూడా ఉండకపోవచ్చు. 2017లో పనామాలోని మమోనీ లోయలో 90 లిమోసా హార్లెక్విన్ కప్పలను వదిలారు, కొన్నింటికి చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టి. ఏ కప్ప ఎన్నాళ్లు బతికింది, పాము తినేసిందా, ఫంగస్ చంపిందా అని వెతకడానికి. ఓపికతో చేయాల్సిన పని. ఒక్క ఏడాదిలో ఫలితం చూపించమని అడగడం అన్యాయం.

చివరిగా, ఈక్వెడార్‌లోని ఇంతాగ్ లోయ. పొడుగు ముక్కు హార్లెక్విన్ కప్ప 1989 తర్వాత కనపడక, అంతరించిపోయిందని అధికారికంగా జాబితాలో ఎక్కింది. 2016లో హునీన్ అనే ఊరి అడవిలో నాలుగు దొరికాయి. అదే అడవి కింద రాగి ఉంది. ఈక్వెడార్, చిలీ ప్రభుత్వ కంపెనీలు కలిసి అక్కడ గని తవ్వాలని యుర్రిమాగ్వా ప్రాజెక్ట్ పెట్టాయి. ఇందాక చూపించిన తోకకప్పను గుర్తు చేసుకోండి. గని పైన మొదలైతే కింద వాగు రాళ్ల మీద ఒండ్రు చేరుతుంది. రాతికి అంటుకుని బతికే జీవికి ఆపైన చోటెక్కడ?

ఈక్వెడార్ రాజ్యాంగం 2008 నుంచి ప్రకృతికి హక్కులున్నాయని ఒప్పుకుంటుంది. ఊరివాళ్లు ఆ మాట పట్టుకుని కోర్టుకెళ్లారు. ఒకసారి గెలిచారు, ఆ తీర్పు నిలవలేదు, మళ్లీ వెళ్లారు. 2023 మార్చిలో ఇంబబూరా ప్రాంతీయ న్యాయస్థానం వాళ్ల వైపు తీర్పిచ్చి, ప్రకృతి హక్కులకు భంగం కలిగిందని చెప్పి, ప్రాజెక్ట్ పర్యావరణ అనుమతిని కొట్టేసింది. కప్ప దొరికిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది కానీ, ఈ తీర్పు సంగతి ఎంతమందికి చేరింది చెప్పండి? నా దృష్టిలో అసలు వార్త ఇది.

రాగి మాత్రం ఇంకా ఆ కొండలోనే ఉంది, దానికి గిరాకీ ఏటా పెరుగుతూనే ఉంది. ఇంతాగ్‌లో మళ్లీ ఏదైనా కదలిక వస్తే ఈ ఛానల్‌లోనే చెబుతాను. కప్పల గురించి మీ ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే సంగతులుంటే కింద కామెంట్లలో రాయండి, అన్నీ చదువుతాను. ఉంటానండి.